పావు తక్కువ పది

ఫ్లెక్సీలో ముఖం ఆయనదే, చేతులు మాత్రం ఆయనవి కావు.

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. కరెంటు స్తంభానికి కట్టిన నిలువు ఫ్లెక్సీ. పైన తెల్ల పావురం, కింద "ప్రభునందు నిద్రించిన" అన్న అక్షరాలు, నడుమ కోటు తొడుక్కొని రెండు చేతులూ జోడించిన ఉస్తాద్. ఆయన జన్మలో కోటు వేసుకోలేదు. ఫ్లెక్సీ షాపు వాళ్లు ఎవరిదో కోటు మనిషి బొమ్మ తీసుకొని దాని మీద ఈయన తల అతికించారు. మన దగ్గర పోయినవాళ్లందరికీ అట్లాగే చేస్తారు, అందులో వింతేం లేదు. అయితే కోటుతో పాటు ఆ మనిషి చేతులు కూడా వచ్చేశాయి. జోడించిన ఆ చేతులకు పది వేళ్లూ నిండుగా ఉన్నాయి. ఉస్తాద్ ఎడమచేతి చూపుడువేలికి పై కణుపు లేదు.

ఆ కణుపు ఎట్లా పోయిందో తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఆ వేలి మూలంగా ఒక అక్కా తమ్ముడూ ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదన్న సంగతి కూడా నాకు తెలుసు. ఫ్లెక్సీ అడుగున జ్ఞాపకార్థ కూడిక ఆ రోజే, పగలు పదకొండు గంటలకని రాసి ఉంది. నేను హాలియా నుంచి ఏదో ఆఫీసు పని మీద పోతున్నాను. కండక్టరును బతిమాలి అక్కడే దిగిపోయాను.

నేను ఆటల టీచర్ని. అప్పట్లో కట్టంగూర్ పక్కన ఆడపిల్లల హాస్టల్ బడిలో పని చేసేదాన్ని. కబడ్డీ, ఖోఖో తప్ప మరో ఆట ఎరగని ఆ బడికి ఒక ఏడాది పైనుంచి రెండు క్రాస్‌బోలు వచ్చాయి. విల్లును తీసుకొని తుపాకి మొద్దు మీద అడ్డంగా బిగించినట్టుంటుంది. ముందున్న ఇనుప కడియంలో కాలు పెట్టి నేలకు అదిమి, రెండు చేతులతో తాడును వెనక్కి లాగితే లోపల ఒక కొండి దాన్ని పట్టుకుంటుంది. పొట్టి బాణం గాడిలో పెట్టి మీట నొక్కితే పోతుంది. పోటీలున్నాయి, గెలిస్తే సర్టిఫికెట్లున్నాయి. పిల్లలు వారం తిరక్కముందే దానికి అడ్డవిల్లు అని పేరు పెట్టుకున్నారు. నాకు దాని గురించి ఎంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు, అంటే ఏమీ తెలియదు. వెంట వచ్చిన చిన్న పుస్తకం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చదువుదాంలే అని బీరువాలో పెట్టాను.

నెల తిరిగేసరికి బాణాలన్నీ ఎడమకు కొట్టుకుపోవడం మొదలైంది. ఎవరు వేసినా అంతే. విల్లుకు ఏదో అయిందనుకున్నాను. అప్పుడే ఒకరోజు నార్కట్‌పల్లిలో హైవే పక్కన, లారీ షెడ్ల వరుసలో ఒక రేకు బోర్డు కనిపించింది. "ఇచ్చట అన్ని రకముల కమాన్లు రిపేరు చేయబడును." మాది మహబూబ్‌నగర్. మా నాయిన ఉర్దూ మీడియంలో చదివినవాడు. మా ఇంట్లో తీర్ అంటే బాణం, కమాన్ అంటే విల్లు. దేవుడే దారి చూపించాడనుకొని, మర్నాడు అడ్డవిల్లును దుప్పట్లో చుట్టుకొని అక్కడికి పోయాను.

"ఇక్కడ కమాన్లు బాగుచేస్తారా?"

"చేస్తం మేడం. ఏ బండి?" అన్నాడాయన తల ఎత్తకుండానే. యాభై దాటిన మనిషి. పొట్టి, గట్టి. అద్దాలకు ఒక కాడ పోతే ఆ జాగాలో తాడు కట్టుకున్నాడు.

"బండి కాదు. కమానే."

"కమాన్ బండికి గాక దేనికుంటది? ఆరు టైర్లదా, పది టైర్లదా?"

లారీ బరువు మోసే వంపు ఇనుప పట్టీల కట్టను కమాన్ అంటారని నాకు ఆ నిమిషం వరకు తెలియదు. సిగ్గుపడి, వచ్చిన దాన్ని ఎట్లాగూ వచ్చాను కదా అని దుప్పటి విప్పాను. ఇంకెవరైనా అయితే నవ్వి పక్క షెడ్డు వాళ్లను కూడా పిలిచి చూపించేవారు. ఈయన నవ్వలేదు. దగ్గరికొచ్చి, ముందుగా దాని మూతిని నా పొట్ట మీది నుంచి పక్కకు, మన్ను నింపి గోడకానించిన లారీ టైరు వైపు తిప్పాడు. తర్వాత రెక్క మీద బొటనవేలు పెట్టి మెల్లగా ఒత్తి చూశాడు.

"ఇది గూడ కమానే," అన్నాడు. "దీనికి కోపం ఎంత?"

కోపం ఆయన సొంత మాట. వంచిన ఇనుము తిరిగి చాపుకోవాలని చూసే బలానికి ఆయన పెట్టుకున్న పేరు. పట్టీ కోపం మీదుంది అంటే దాన్ని ముట్టొద్దని. కోపం దిగింది అంటే ఇక దాని పక్కన కూర్చొని అన్నం తినొచ్చని. "ఇనుము మంచిదే మేడం. మనం వంచినం గాబట్టి దానికి కోపం" అనేవాడు. విచిత్రమేమిటంటే మనిషికి మాత్రం కోపం లేదు. ఆయన గొంతు పెంచగా నేను రెండేసార్లు విన్నాను, రెండూ ఒకే రోజున.

బాణాలు ఎడమకెందుకు పోతున్నాయో ఆయన విల్లును చూసి చెప్పలేదు, నన్ను తాడు లాగమని నా చేతులు చూసి చెప్పాడు. "కుడి చెయ్యికి తొందర, ఎడమ చెయ్యికి బద్ధకం. తాడు వంకర వస్తది." సంచిలోంచి ఎర్ర దారం తీసి తాడు నడిమికి అటొక ముడి, ఇటొక ముడి వేశాడు. లాగినాక ఆ రెండు ముళ్లూ కొండికి సమానదూరంలో ఉంటే సరే, లేకపోతే దించి మళ్లీ లాగాలి. అంతే వైద్యం. ఆ సాయంత్రం పిల్లల బాణాలు నడిమికి వచ్చాయి.

ఉస్తాద్ అని పిలిచినా ఆయన సాయిబు కాదు. ఈ పని నేర్పిన ముసలి సాయిబు పోతూ పోతూ తన సమ్మెట, దాగలితో పాటు ఆ పిలుపును కూడా ఈయనకు వదిలి పోయాడట. వీళ్లు ప్రార్థనకు పోయే కుటుంబం. భార్య ప్రతి ఆదివారం పోయేది, ఈయన క్రిస్మస్‌కు పోయేవాడు. తాత, తండ్రి పరాయి వాళ్ల భూముల్లో కూలి చేసినవాళ్లు. సొంత షెడ్డు, సొంత బోర్డు ఉన్న మొదటి మనిషి ఈయనే. దాని గురించి ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. గొప్ప చెప్పుకున్నది ఒక్కటే, వేళ్ల గురించి.

ఆ వరుసలో ఉన్న షెడ్లలో పది వేళ్లున్న పెద్ద మేస్త్రీ ఈయనొక్కడే. కమాన్ కట్ట విప్పేటప్పుడు ఒక్క పట్టీ జారితే చాలు, వేలో కన్నో తీసుకుపోతుంది. ఒకాయనకు బొటనవేలు లేదు, ఇంకొకాయనకు ఒక చెయ్యే సగం. అందుకేనేమో, బాగున్నవా అనడానికి బదులు ఉస్తాద్ "పది ఉన్నయా?" అనేవాడు. అవతలివాళ్లు రెండు అరచేతులూ ఎత్తి "పది" అనాలి. అట్లా చూపిస్తే తప్ప చాయ్ తెప్పించేవాడు కాదు. డ్రైవర్లు, పాలవాళ్లు, ప్రార్థన పాస్టర్, అందరూ అంతే. ఒకసారి ఏదో కాగితం అడగడానికొచ్చిన పోలీసాయన కూడా నా కళ్ల ముందు చేతులెత్తి "పది" అన్నాడు.

నెలకో ఆదివారం మా బడికి వచ్చేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఆయనే వచ్చేవాడు. పిల్లలు బాణాలేస్తుంటే బోర్డు వైపు కాకుండా పిల్లల వైపు తిరిగి కూర్చునేవాడు. "గురి మీ మేడం జూస్తది. నేను చేతులు జూస్త." కడియంలో కాలు పెట్టేటప్పుడు చెప్పు ఉందా, తాడు పోయే గాడి కంటే వేలు పైకి లేచిందా, బాణం లేకుండా ఎవరైనా మీట మీద వేలు పెట్టారా. ఇవే ఆయనకు కావలసినవి. బాణం లేకుండా తాడు వదలడం ఆయన లెక్కలో మహాపాపం. "బాణముంటె కోపం దాంతోటి పోతది. లేకపోతె ఏడికి పోవాలె? విల్లునే ఇరగ్గొడ్తది, లేకుంటె మిమ్మల్ని" అనేవాడు. పోయేముందు పిల్లల్ని వరుసలో నిలబెట్టి లెక్క అడిగేవాడు. ఇరవై జతల చేతులు పైకి లేచేవి. పది, పది, పది అని వరుస చివరిదాకా ఆ మాట పోయేది.

అడ్డవిల్లు దగ్గర ఆగితే బాగుండేది. ఆగేవాడు కాదు. ఒక పిల్ల చున్నీకి పిన్నీసు తెరిచి ఉంటే, "గది గూడ కమానే, మూసెయ్యి బిడ్డా" అనేవాడు. గొడుగు మడిచేటప్పుడు మూతి నేలకుండాలి. మా హాస్టల్ వార్డెన్ మడత మంచం విప్పుతుంటే చూసి అరగంట పాఠం చెప్పాడు. ఇంట్లో ఎలుకల బోను పెట్టనిచ్చేవాడు కాదు. "ఎలుకలు బియ్యం తింటున్నయి, ఈయన ఎలుకల ఏళ్లు గూడ లెక్కవెడ్తడేమొ" అని భార్య నాతో మొత్తుకునేది. నోరున్న మనిషి ఆమె. అన్నం పెట్టే చెయ్యి కూడా అంతే పెద్దది.

షెడ్డులో ఇంకో కట్టడి ఉండేది. ఎవరూ "వద్దు" అర్థం వచ్చే మాట అనకూడదు. లాగకు, వదలకు, ముట్టకు, ఇవేవీ లేవు. పట్టు, ఆపు, దించు, జరుగు, అంతే. మొదట్లో నాకిది చాదస్తమనిపించింది. ఆయన రోడ్డు వైపు చూపించాడు.

"హైవే మాట తోక తింటది మేడం. నేను 'ఇడువకు' అంట. అంతల బండోడు హారన్ గొడ్తడు. నీకేం వినొస్తది? 'ఇడువు' అని వినొస్తది. ఒక్క అక్షరం పాయె, వానెంబడి వేలు పాయె. అందుకే మా షెడ్డుల 'కు' లేదు."

ఆటల టీచరు నోట్లో పరుగెత్తకు, తొయ్యకు, అరవకు తప్ప ఏముంటాయి? అయినా ఆయన మాట పట్టుకొని అడ్డవిల్లు దగ్గర మేము కూడా "కు" మానేశాం.

ఇక ఆ రోజు సంగతి.

జిల్లా సెలక్షన్లకు ఇంకా నాలుగు రోజులున్నాయి. మా ప్రిన్సిపాల్ మేడానికి మొదటినుంచీ ఈ ఆటంటే భయం. "ఒక్క రక్తం చుక్క కనిపించినా రెండింటినీ బీరువాలో పెట్టి తాళమేస్త" అని పిల్లల ముందే చెప్పి ఉంది. ఆమెను తప్పుపట్టను, ఆడపిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సింది ఆమే. మా జట్టులో గొర్లు కాసుకునే ఇంటి పిల్ల ఒకతె ఉంది. పదో తరగతి అయిపోగానే పెళ్లి చేస్తామని ఇంట్లో అనుకుంటున్నారు. ఆటలో సర్టిఫికెట్ వస్తే ఇంటర్ చదివిస్తామని తండ్రి నాకు మాటిచ్చాడు. ఆ పిల్ల చేతిలోనే ఆ పొద్దున ఒక విల్లు మొరాయించింది. తాడు లాగింది, కొండి పట్టుకుంది, మీట నొక్కితే కదల్లేదు. బాణం తీసేశాం. తాడు మాత్రం వెనక్కి లాగినట్టే ఉండిపోయింది.

నేను దాన్ని అట్లాగే దుప్పట్లో చుట్టి, షేర్ ఆటో ఎక్కి, ఒళ్లో అడ్డంగా పెట్టుకొని నార్కట్‌పల్లికి పోయాను.

మిట్టమధ్యాహ్నం. పనివాళ్లిద్దరూ అన్నానికి పోయారు. ఉస్తాద్ దుప్పటి విప్పి చూసి దాని మూతిని మన్ను టైరు వైపు తిప్పాడు. తర్వాత, నేను విన్న రెండుసార్లలో మొదటిసారి, గొంతు పెంచాడు.

"తొవ్వ పొడుగునా దీని మూతి ఎటు వెట్టినవ్?"

"బాణం తీసేసిన కదా ఉస్తాద్."

"బాణం తీసినవ్. కోపం తీసినవా? మూతి ఎటు వెట్టినవ్ అంటున్న."

గుర్తు తెచ్చుకున్నాను. ఎదురు సీట్లో ఒకామె పసిపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకొని ఉంది. పిల్ల తల సరిగ్గా ఇటువైపే. తాడు తెగినా, రెక్క పగిలినా ముక్కలు ఎగిరేది అటే. చెప్పాను. ఆయన కూర్చోమని నీళ్లిచ్చాడు.

పనివాళ్లు వచ్చేదాకా ఆగుదామన్నాడు. నేనే తొందరపెట్టాను, నాలుగింటికి పిల్లలకు ప్రాక్టీసుందని. ఆ తొందర నాదేనని రాసుకోవాలి.

విల్లును మూతి మన్ను టైరు వైపు పెట్టి బిగించాడు. తాడుకు వెనకనుంచి ఒక కొక్కెం తగిలించి, దాన్ని గొలుసుతో పొడుగాటి ఇనుప రాడ్డుకు కట్టి, రాడ్డు నా చేతికిచ్చాడు. నేను రాడ్డును నా వైపు వంచి పట్టుకుంటే తాడు బలమంతా రాడ్డు మీదికి వస్తుంది. అప్పుడాయన ఇరుక్కున్న కొండిని పైకి లేపుతాడు. ఆ తర్వాత నేను రాడ్డును మెల్లమెల్లగా ముందుకు పోనిస్తే తాడు కోపం దిగి ఊరుకుంటుంది. "నేను 'దించు' అన్నంక దించు. అందాక పట్టు" అన్నాడు.

కొండి లేచింది. దానికి తాడు పోగు ఒకటి చిక్కుకొని ఉంటే తీయడానికి వేలు పెట్టాడు. నా చేతుల్లో రాడ్డు కొంచెం జరగడం ఆయన కంట్లో పడ్డట్టుంది. భయమైనప్పుడు మనిషి నోటికి ఇంటి మాటే వస్తుంది, షెడ్డు మాట రాదు. ఆయన గట్టిగా అరిచాడు. అది రెండోసారి. "ఇడువకు!" అన్నాడట. రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. నాకు "ఇడువు" అని వినిపించింది.

విడిచాను.

తాడు చప్పుడు, విల్లు రెక్క నిలువునా పగిలిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. ఉస్తాద్ ముందు నా వైపు తిరిగాడు. "పది ఉన్నయా?" అన్నాడు. నేను వెర్రిదాన్లా రెండు చేతులూ ఎత్తి చూపించాను. ఆ తర్వాతే ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. మెడలో తువ్వాల తీసి చుట్టుకుంటూ, "తప్పు మాట అన్న. షెడ్డు నాది, మాట నాది" అన్నాడు. ఏడ్చింది నేను.

నల్గొండలో దవాఖానకు ఆటోలో తీసుకుపోయాను. ఎట్లా జరిగిందని డాక్టర్ అడిగితే, "కమాన్ గొట్టింది సార్" అన్నాడు. అబద్ధం లేదు. లారీ మేస్త్రీ చొక్కా మీది నూనె మరకలు చూసి డాక్టర్ లారీ కమానే అనుకున్నాడు. నేను నోరు తెరవబోతే ఉస్తాద్ మంచి చేత్తో ఆగమని సైగ చేశాడు. "రక్తం చుక్క అన్నది గదా మీ పెద్ద మేడం. ఊకో. పిల్లల ఆట బందైతది."

అంతవరకు బాగానే ఉంది. ఇంతలో ఇంటినుంచి ఫోను. భార్య గొంతు నాకు కూడా వినిపిస్తోంది. కమాన్ అనగానే ఆమె అడగాల్సిందే అడిగింది. "ఎవని బండి కమాను?"

దీనికి కమాన్ అన్న మాట ఒక్కటే చాలదు, ఒక మనిషి పేరు కావాలి. ఉస్తాద్ గోడ వైపు చూశాడు. "మీ తమ్మునిది" అన్నాడు.

ఎందుకట్లా చెప్పావని తర్వాత అడిగాను. "పరాయోని పేరు జెప్తే ఇల్లు వెతుక్కుంట వోయి కొట్లాడ్తది. తమ్ముడైతె రెండు తిట్లు తిట్టి ఊకుంటది" అన్నాడు. ఇనుము కోపం వేలితో కొలిచే మనిషి ఇంట్లో మనిషి కోపం కొలవలేకపోయాడు. తమ్ముడికి ఒక లారీ ఉంది. లోడు ఎక్కువేస్తాడని, అరిగిన పట్టీలతోనే తిప్పుతాడని ఆమె అంతకుముందే వంద మాట్లన్నది. ఇప్పుడు ఆమె భయపడ్డదే జరిగింది. తమ్ముడితో మాట బంద్ చేసింది. అతని ఇంట్లో పెళ్లికి పోలేదు. అతని ఆకుపచ్చ క్యాబిన్ లారీ షెడ్డు ముందు నుంచి పోతే ముఖం తిప్పుకునేది. అది నేను నా కళ్లతో చూశాను. ఆమె నాకు వడ్డిస్తూ తమ్ముణ్ని తిడుతుంటే, తలొంచుకొని తిన్నాను.

"మెల్లగ జెప్త మేడం. ఆమె ఇప్పుడు కోపం మీదుంది. దిగినంక జెప్త" అనేవాడు ఉస్తాద్ ఎప్పుడడిగినా. ఏడాది తర్వాతా అదే మాట, మూడేళ్ల తర్వాతా అదే మాట. పిల్లలకోసం అబద్ధమాడాడు, నిజమే. తన షెడ్డు కట్టడి తానే తప్పానని చెప్పుకోలేక కూడా ఆడాడేమోనని నాకు అప్పుడప్పుడు అనిపించేది. అడగలేదు. అడిగితే నా సంగతీ బయటికి వస్తుంది కదా. అసలు భయం అదే, నా ఉద్యోగం గురించే.

మిగిలిన ఒక్క విల్లుతో పిల్లలు సెలక్షన్లకు పోయారు. గొర్లకాపరి బిడ్డ గెలిచింది, ఇంటర్ చదివింది. పగిలిన విల్లు కింద పడి పగిలిందని నేను రిజిస్టర్లో రాశాను. చెయ్యి మానాక ఉస్తాద్ మళ్లీ ఆదివారం వచ్చాడు. పిల్లలందరూ పది, పది అని లెక్క చెప్పాక ఒకతె ధైర్యం చేసి, "మరి మీకు తాతా?" అన్నది. ఆయన రెండు చేతులూ ఎత్తి వేళ్ల వైపు చూసుకొని, "పావు తక్కువ పది" అన్నాడు, గోడగడియారం చూసి టైం చెప్పినంత మామూలుగా. పిల్లలు పడీ పడీ నవ్వారు. అప్పటినుంచి ఎవరు పది ఉన్నాయా అన్నా ఆయన జవాబు అదే.

రెండేళ్ల కింద నాకు హాలియా వైపు బదిలీ అయింది. ఫోన్లు తగ్గాయి. చివరికి ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది ఫ్లెక్సీ.

షెడ్డు వెనక ఇంటి ముందు షామియానా. కుర్చీలు సగం డ్రైవర్లతోనే నిండాయి. ముందు వరుసలో ఉస్తాద్ భార్య, తెల్ల చీర కొంగు తల మీదికి కప్పుకొని. అన్నిటికంటే వెనక, రోడ్డు అంచున వేసిన కుర్చీలో ఆమె తమ్ముడు. అతని వెనకే ఆకుపచ్చ లారీ ఆగి ఉంది. పాటలయ్యాక పాస్టర్, సాక్ష్యాలు చెప్పేవాళ్లుంటే రండి అన్నాడు. పోయినవాళ్ల గురించి తెలిసింది లేచి చెప్పడం వాళ్ల పద్ధతి. ఒక్కొక్క డ్రైవరే లేచి మైకు పట్టుకొని, ఉస్తాద్ పది ఉన్నయా అనేటోడని చెప్పి, చేతులెత్తి చూపించి కూర్చుంటున్నాడు. నేను ఆ పద్ధతి దాన్ని కాదు. అయినా సాక్ష్యం అన్న మాట విన్నాక ఇక కూర్చోలేకపోయాను.

లేచి మొత్తం చెప్పాను. దుప్పటి, ఆటో, రాడ్డు, హారన్, మింగిన అక్షరం. "ఆ వేలు తీసింది ఈ అన్న లారీ కాదు. పిల్లలు ఆడే కమాన్. పట్టుకున్న రాడ్డు విడిచింది నేను. ఆరేళ్లు నోరు మూసుకున్నది కూడా నేనే. నాకు సిగ్గుగా ఉంది."

ఉస్తాద్ భార్య నా వైపు చూడలేదు. లేచి, కుర్చీల నడుమ నుంచి నడిచి వెనకదాకా పోయి, తమ్ముడి ముందు నిలబడింది.

"నిజమేనారా?"

"నాకేం దెల్వదక్కా. ఆ దినం నా బండి విజయవాడలనే ఉండె. నార్కట్‌పల్లి మొకమే జూడలే."

"మరి నోరెందుకు తెరవలే? ఇన్నేండ్లు తిట్టిన గదరా. నీ బిడ్డ పెండ్లికి రాకపోతి."

అతను తల వంచుకున్నాడు. "బావ నా బండి అన్నడాయె. ఊకెనే అనడు గదా, ఏదో అవుసరం వడ్డది అనుకున్న. బావ మాట నేనెట్ల కాదంట అక్కా."

లారీలు పోతూనే ఉన్నాయి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, "తిన్నవా?" అన్నది.

"లే."

"రా."

చెయ్యి పట్టుకొని లేపి భోజనాల బంతిలోకి తీసుకుపోయింది. ఇస్తారి తానే వేసి, అన్నం తానే వడ్డించింది. అతను తల ఎత్తకుండా కలుపుకుంటున్నాడు. నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. ఎవరికీ కనబడకుండా బస్సెక్కాలని నా ఆలోచన. గేటు దగ్గర వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏడికి మేడం?"

తిరిగాను. అన్నం బేసిన్ చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ మీద కోపం లేదని అబద్ధమాడను. ఉన్నది. చానా ఉన్నది. జర మెల్లగ దిగనియ్యి." బేసిన్‌తో తమ్ముడి పక్కన ఖాళీ చూపించింది. "ముందు గీడ కూసో, తిను."

కూర్చున్నాను.